గుహ ఫొటో ఒక్కరి పని కాదు

పెద్ద గుహల ఫొటోలు చూస్తున్నప్పుడు చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఆ ఫొటోలో ఉన్న వెలుగు అక్కడిది కాదు. కొండనో, కోననో, సముద్రాన్నో ఫొటో తీసేవారికి సూర్యుడి సాయం ఉంటుంది. గుహలో ద్వారం దాటి రెండు మలుపులు తిరిగాక ఆ సాయం పూర్తిగా ఆగిపోతుంది. కళ్లు అలవాటు పడితే మసకగానైనా కనిపిస్తుందనుకునే చీకటి కాదది. గంటల తరబడి కూర్చున్నా ముఖం ముందు పెట్టుకున్న సొంత చెయ్యి కనపడదు. అక్కడ తీసిన ఫొటోలో ఒక గోడ కనిపిస్తోందంటే, ఎవరో ఒకరు ఆ గోడ దగ్గర దీపం పట్టుకుని నిలబడ్డారని అర్థం. గుహ చిన్నదైతే ఆ మనిషి ఫొటోగ్రాఫరే కావచ్చు. వందల మీటర్ల హాలైతే ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే పెద్ద గుహల మంచి ఫొటోలు చాలావరకు స్వచ్ఛంద బృందాల నుంచే వచ్చాయి. గుహను కొలవడానికో, శుభ్రం చేయడానికో, పరిశోధకులకు తోడుగానో జీతం లేకుండా దిగినవాళ్లే ఆ దీపాలు పట్టుకున్నారు. ఇది కాకతాళీయం కాదు. గుహ కోసం పనిచేసే చేతులే గుహను ఫొటో తీయాలి, అలా తీసిన ఫొటోకే ఆ గుహను కాపాడే బలం ఉంటుంది అన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

వెలుగు లెక్క

ముందు లెక్క చూద్దాం. దీపం నుంచి దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఐఎస్‌ఓ 100 వద్ద గైడ్ నంబరు (ఫ్లాష్ బలానికి కొలత) 40 ఉన్న మంచి ఫ్లాష్, ఎఫ్/4 అపర్చర్‌తో 10 మీటర్ల దూరంలోని వస్తువును సరిగ్గా వెలిగిస్తుంది. అదే 100 మీటర్ల అవతలి గోడకు కావాల్సింది పది రెట్ల వెలుగు కాదు, వంద రెట్లు. నేటి కెమెరాలో ఐఎస్‌ఓను 1600కు పెంచినా కలిసొచ్చేది పదహారు రెట్లే, అంటే 40 మీటర్ల దాకా. మలేసియాలోని ములు జాతీయ ఉద్యానంలో సరావాక్ ఛాంబర్ అనే గది ఉంది. దాని పొడవు దాదాపు 600 మీటర్లు, వెడల్పు 435 మీటర్లు, ఎత్తు గరిష్ఠంగా 115 మీటర్లు. 1981లో ముగ్గురు బ్రిటిష్ గుహాన్వేషకులు తొలిసారి అందులో అడుగుపెట్టినప్పుడు తలదీపాల వెలుగు అవతలి గోడను అందుకోనే లేదు. అది మామూలు దారి కాదు, ఊహకందని పెద్ద గది అన్న సంగతి కొలతలు తీశాకే తేలింది. కెమెరా పక్కన ఎంత పెద్ద ఫ్లాష్ పెట్టినా అలాంటి చోట దాని వెలుగు దగ్గరి రాళ్ల మీదే ఆగిపోతుంది. వెలుగును గోడ దగ్గరికి మోసుకెళ్లడం తప్ప దారి లేదు. మోయడానికి మనుషులు కావాలి.

మనుషులు కావాల్సింది దూరం వల్ల మాత్రమే కాదు. గుహ గాలిలో తేమ ఎక్కువ, మనిషి ఊపిరి కూడా ఆవిరై నిలుస్తుంది. కెమెరా దగ్గరే ఫ్లాష్ కొడితే, పొగమంచులో హెడ్‌లైట్ వేసినట్టు, ఆ నీటి తుంపరలే తెల్లటి చుక్కలై ఫొటో నిండా పరుచుకుంటాయి. పైగా ఎదురుగా పడిన వెలుగులో నీడలు వెనక్కి దాక్కుంటాయి గనక ముందున్న స్తంభానికీ వెనకున్న గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలియదు. వెలుగు పక్కనుంచి, వెనకనుంచి రావాలి. అప్పుడే వేలాడే రాతి కొనల అంచులు మెరుస్తాయి, హాలు లోతు తెలుస్తుంది. ఇంత చేసినా, ఫొటోలో మనిషి లేకపోతే ఆ స్తంభం అరచేతిలో పట్టేదో, ఆరంతస్తుల మేడంతదో చెప్పలేం. అందుకని ఎర్రటిదో పసుపుదో సూట్ వేసుకున్న ఒకరు అందులో నిలబడతారు. ఆ మనిషి అలంకారం కాదు, కొలబద్ద.

ఒక ఫొటో ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగిస్తారు. తలా ఒక ఫ్లాష్ పట్టుకుని నలుగురు బయల్దేరతారు. నేల మీద రంగు రిబ్బన్లతో గుర్తు పెట్టిన దారిలోనే నడవాలి గనక, ఒక్కొక్కరు తమ చోటికి చేరడానికే చాలాసేపు పట్టవచ్చు. అరిస్తే మాట ప్రతిధ్వనిలో కలిసిపోతుంది కాబట్టి వాకీటాకీలోనో ఈలలతోనో పిలుచుకుంటారు. ఎవరికి వారు తమ నీడ, తమ ఫ్లాష్ కెమెరాకు కనపడకుండా రాతి వెనక సర్దుకుంటారు. తలదీపాలన్నీ ఆరిపోతాయి. షట్టర్ తెరుచుకుంటుంది. ఒకటో నంబరు, రెండు, మూడు, నాలుగు. క్షణాల్లో అయిపోతుంది. కెమెరా తెర మీద చూస్తే ఎడమ మూల నల్లగా ఉంటుంది. మూడో నంబరు మనిషి ఇంకో రెండడుగులు లోపలికి వెళితే ఆ మూల కూడా వెలిగేదే. కానీ రిబ్బను అక్కడితో ఆగిపోయింది. దాని అవతల ఎవరూ తొక్కని స్ఫటికాల నేల ఉంది. మంచి బృందం ఆ మూలను నల్లగానే వదిలేస్తుంది. ఫొటో కోసమే వచ్చిన మనిషికీ, గుహ కోసం వచ్చి ఫొటో తీసే మనిషికీ తేడా తెలిసేది ఆ రెండడుగుల దగ్గరే.

ఫొటో ఏం చేయగలిగింది?

గుహ ఫొటో మొదటినుంచీ నలుగురి చెమటే. 1866లో చార్లెస్ వాల్డాక్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మ్యామత్ గుహను మెగ్నీషియం మంట వెలుగులో ఫొటో తీశాడు. మెగ్నీషియం కాలితే కళ్లు చెదిరే వెలుగొస్తుంది, దానితోపాటు దట్టమైన తెల్లటి పొగ కూడా. తడి గాజు పలకలు, రసాయనాలు, మెగ్నీషియం మోసుకుని కిలోమీటర్ల లోపలికి వెళ్లి, పొగ పేరుకోకముందే పని ముగించుకోవాల్సి వచ్చేది. అలా తీసినవాటిలో 42 చిత్రాలు జంట ఫొటోల కార్డులుగా అచ్చయ్యాయి. 1952లో టెక్స్ హెల్మ్ అనే ఫొటోగ్రాఫర్ న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహల్లో ‘బిగ్ రూమ్’ అనే హాలును ఒకే ఫొటోలో పట్టడానికి 2,400 ఫ్లాష్ బల్బులు వెలిగించాడు. అన్ని బల్బులను అమర్చి, వైర్లు కలిపి, వాడేశాక ఏరి బయటికి తేవడం ఎంతమంది పనో ఊహించుకోవచ్చు.

ఆ కార్ల్స్‌బాడ్ కథే నా వాదనకు గట్టి ఆధారం. గబ్బిలాల రెట్టను ఎరువుగా తవ్వుకునే చోటుగానే ఆ గుహను జనం ఎరుగుదురు. దాని లోపలి విశాలత గురించి జిమ్ వైట్ అనే పశువుల కాపరి ఏళ్ల తరబడి చెబుతున్నా నమ్మినవాళ్లు తక్కువ. రే డేవిస్ అనే స్థానిక ఫొటోగ్రాఫర్ అతని వెంట దిగి తీసిన నలుపు తెలుపు చిత్రాలు ఊళ్లో కనిపించాకే జనంలో కదలిక వచ్చింది. 1923లో ప్రభుత్వ భూముల కార్యాలయం రాబర్ట్ హాలీ అనే ఉద్యోగిని పరిశీలనకు పంపింది. అతని సర్వే, దానికి తోడుగా డేవిస్ ఫొటోలు. అదే ఏడాది అక్టోబరు 25న ఆ గుహ జాతీయ స్మారకంగా మారింది. 1930లో జాతీయ ఉద్యానం అయింది. నోటిమాట చేయలేని పనిని ఫొటో చేసింది. ఇక్కడ మరిచిపోకూడని సంగతి, ఆ ఫొటో విడిగా నిలబడలేదు. దారి తెలిసిన మనిషి, కొలిచే మనిషి, ఫొటో తీసే మనిషి కలిసి పనిచేశారు.

అదే ఉద్యానంలో ఉన్న లెచుగియా గుహ ఇంకో మెట్టు పైకి తీసుకెళుతుంది. 1986 దాకా అదొక చిన్న గొయ్యి. అడుగున రాళ్ల గుట్టలోంచి గాలి రివ్వున కొడుతోందని గమనించిన కొలరాడో గుహాన్వేషకులు అనుమతి తీసుకుని తవ్వితే దారి దొరికింది. ఇప్పటికి 240 కిలోమీటర్లకు పైగా కొలిచారు. లోతు 489 మీటర్లు. అందులో ఆరు మీటర్ల పొడవున పైకప్పు నుంచి వేలాడే జిప్సం స్ఫటికాల షాండ్లియర్లున్నాయి. ఈ గుహకు పర్యాటకులను అనుమతించరు. సర్వేకో, పరిశోధనకో, శుభ్రం చేయడానికో అనుమతి ఉన్నవాళ్లే వెళతారు. రాతి మీద మరక పడని అడుగున్న బూట్లే వేసుకోవాలి. తిండి రజను కూడా నేల మీద పడకుండా సంచి మీద పట్టుకుని తినాలి. మలంతో సహా తమదైన ప్రతి వ్యర్థాన్నీ మూటగట్టి పైకి తేవాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య తీసిన ఫొటోలే ఆ గుహను ప్రపంచానికి చూపించాయి. ఎవరూ వెళ్లకుండానే అందరూ చూడగలిగే గుహ అది. జనాన్ని బయట ఉంచుతూనే గుహను జనానికి దగ్గర చేయడం ఫొటోకే సాధ్యం.

సేవ నేర్పే చూపు

సేవకూ ఫొటోకూ ముడి ఎందుకు, కెమెరా పట్టడం వచ్చినవాళ్లు చాలరా అని అడగవచ్చు. కార్ల్స్‌బాడ్ స్వచ్ఛంద సేవకులు చేసే ఒక పని చూడండి. రోజూ గుహలో నడిచే వందలాది సందర్శకుల బట్టల నుంచి నూలు పోగులు, తల వెంట్రుకలు, చర్మపు పొట్టు రాలుతుంటాయి. అవి దారి పక్కన రాతి మీద పేరుకుని బూడిదరంగు పొరగా మారతాయి. తేమను పట్టి ఉంచుతాయి, అక్కడ ఉండకూడని పురుగులకు ఆహారమవుతాయి. సేవకులు మోకాళ్ల మీద కూర్చుని, చిన్న బ్రష్షులతో, పట్టకార్లతో ఆ పోగులను ఒక్కొక్కటిగా ఏరుతారు. ఒక పూటంతా ఒకే రాతి ముందు గడిపిన మనిషికి ఆ రాయి అసలు రంగేమిటో, ఏది నీటి చార, ఏది మనిషి చేతి జిడ్డు మరక, ఏ విరుపు పాతది, ఏది నిన్నటిది అన్నీ తెలుస్తాయి. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ కంటికి ఇవన్నీ ఒక్కటే. ఏది ఫొటో తీయాలో, ఎందుకు తీయాలో చెప్పగలిగేది ఆ పరిచయమే.

ఆ పరిచయం ఎంత విలువైనదో 2006లో తెలిసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హౌస్ గుహలో ఒక గుహాన్వేషకుడు నిద్రపోతున్న గబ్బిలాలను ఫొటో తీశాడు. వాటి మూతుల మీద తెల్లటి పొడిలాంటిది ఉంది. అది వింత అనిపించి తీసిన ఫొటోయే తర్వాత ఉత్తర అమెరికాలో లక్షలాది గబ్బిలాలను పొట్టనబెట్టుకున్న శిలీంధ్ర వ్యాధికి మొట్టమొదటి సాక్ష్యంగా మిగిలింది. వ్యాధికి ‘వైట్ నోస్ సిండ్రోమ్’ అన్న పేరు కూడా ఇంకా పుట్టలేదప్పటికి. గబ్బిలం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే తేడా కనిపెట్టాడు.

అభ్యంతరాలు

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు తేలికైనవేమీ కావు. మొదటిది, ఫొటోలు జనాన్ని రప్పిస్తాయి, జనం గుహను పాడుచేస్తారు. నిజమే. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిస్తే, వాళ్ల ఊపిరికే ఆదిమానవుల చిత్రాలు దెబ్బతిని 1963లో మూసేయాల్సి వచ్చింది. అయితే ఫొటో లేకపోతే గుహ భద్రంగా ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఎవరూ చూడని గుహ సున్నపురాయి క్వారీ కింద పోయినా అడిగేవారుండరు. వియత్నాంలోని సోన్ డూంగ్ గుహ 2009లో సర్వే అయింది, దాని ఫొటోలు 2011 నుంచి ప్రపంచమంతా తిరిగాయి. 2014లో అక్కడికి కేబుల్ కారు వేస్తామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దేశ విదేశాల్లో వ్యతిరేకత లేచింది. ఆ గుహలో కాలు పెట్టనివాళ్లు దాని తరఫున మాట్లాడారంటే, వాళ్లు చూసింది ఫొటోల్లోనే కదా. చేయాల్సింది ఫొటోలు ఆపడం కాదు, దారి చెప్పకపోవడం. చిన్న, సున్నితమైన గుహల ఫొటోలతోపాటు ఊరి పేరు, జీపీఎస్ గుర్తులు ఇవ్వకుండా ఉండటం బాధ్యతగల గుహాన్వేషకుల్లో ఇప్పటికే ఉన్న కట్టుబాటు.

రెండోది, ఫొటో తీయడమే గుహకు హాని. నలుగురు ఎక్కువగా తిరుగుతారు, వెలుగులు కొడతారు, బూట్లకు అంటుకున్న శిలీంధ్రాన్ని ఒక గుహ నుంచి ఇంకో గుహకు మోస్తారు. ఈ అభ్యంతరంలో నూటికి నూరు పాళ్లూ న్యాయం ఉంది. అందుకే ఫొటో కోసమంటూ ప్రత్యేకంగా దిగడం కన్నా, సర్వేకో శుభ్రతకో ఎలాగూ దిగుతున్న బృందమే ఫొటో పని కూడా చేసుకురావడం మేలంటున్నాను. అదనపు అడుగులు తగ్గుతాయి. నిద్రపోతున్న గబ్బిలాల దగ్గర ఫ్లాష్ కొట్టకూడదు, శీతాకాలపు నిద్రలోంచి లేచిన ప్రతిసారీ వాటి ఒంట్లోని కొవ్వు కరిగిపోతుంది. వైట్ నోస్ వచ్చాక బట్టలు, బూట్లు, తాళ్లు శుద్ధి చేసుకోవడం అమెరికా గుహల్లో నియమమైంది. ట్రైపాడ్ కాళ్లను, ఫ్లాష్ సంచులను కూడా ఆ లెక్కలోనే చేర్చాలి.

మూడోది, లేజర్ స్కానర్లు వచ్చాక ఫొటోలెందుకన్న ప్రశ్న. స్కానర్‌కు వెలుగుతో పని లేదు, చీకట్లోనే లక్షల బిందువులను కొలిచేస్తుంది. చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో మియావో గది ఘనపరిమాణం కోటి ఏడు లక్షల ఘనపు మీటర్లకు పైనే ఉందని, ఆ లెక్కన సరావాక్ ఛాంబర్ కన్నా అదే పెద్దదని తేలింది 2013లో చేసిన లేజర్ కొలతల వల్లే. నేల విస్తీర్ణంలో మాత్రం సరావాక్‌దే పైచేయి. కొలతలో స్కానర్‌తో ఫొటో పోటీపడలేదు, పడనక్కర్లేదు. ఆకారం స్కానర్ చెబుతుంది. రంగు, తడి, జీవం, గాయం ఫొటో చెబుతుంది. మన బొర్రా గుహల గోడల మీద పరిశోధకులు నారింజ రంగు సూక్ష్మజీవుల పొరలను గుర్తించారు. ఆ పొర పెరుగుతోందా, ఎండుతోందా, ఎవరైనా గోకారా అన్నది తెలియాలంటే ఒకే చోటు నుంచి, ఒకే తీరు తెల్లటి వెలుగులో, ఏళ్ల తేడాతో తీసిన ఫొటోలు కావాలి.

నాలుగోది, అసలు గుహలో లేని వెలుగుతో తీసిన ఫొటో నిజమెలా అవుతుంది? గుహకు సహజమైన రూపం చీకటే కదా. ఆ తర్కంతో చూస్తే ఎక్స్‌రే కూడా అబద్ధమే. వెలుగు మనం తెచ్చిందే, కానీ అది పడిన రాయి నిజం. అబద్ధం వచ్చేది ఎక్కడంటే, దేన్ని ఎంత పెద్దదిగా చూపాం, ఏ రంగు పులిమాం, ఏ కంచెను ఫొటోలోంచి చెరిపేశాం అన్న చోట. మనిషిని కెమెరాకు బాగా దూరంగా నిలబెట్టి గుహను రెట్టింపు చేసి చూపడం తేలిక. సర్వే బృందంతో వెళ్లినవాడికి ఆ అవకాశం తక్కువ. హాలు వెడల్పు అప్పటికే పటంలో రాసి ఉంటుంది, పక్కవాడు దాన్ని కొలిచినవాడే.

చివరి అభ్యంతరం నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. జీతం లేని నలుగురి శ్రమ మీద ఒకరి పేరు మోగడం న్యాయమా? కాదు. రాతి వెనక నక్కి, చలిలో వణుకుతూ, గంటసేపు ఫ్లాష్ పట్టుకున్న మనిషి ఫొటోలో కనపడడు. కనీసం ఫొటో కింద అయినా కనపడాలి. సినిమాలో దీపాలు పట్టిన వాళ్ల పేర్లు తెర మీద వేస్తున్నప్పుడు గుహ ఫొటోకు ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? ఫొటో కాపీలు గుహను చూసే శాఖకూ, సర్వే రికార్డుకూ ఉచితంగా చేరాలి. సేవగా చేసిన పని ఫలితం ఒకరి సొత్తుగా మిగిలిపోకూడదు.

మన గుహల సంగతి

ఈ మాటలు మనకు దూరపువి కావు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలను 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అవి మరుగున పడ్డాయి. 1980ల తొలి ఏళ్లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన ఒక జర్మన్ బృందం వచ్చి కొలిచాకే వాటి పొడవు 3,229 మీటర్లని లోకానికి తెలిసింది. 2002లో సందర్శకులకు తెరిచారు. లోపలి కోటిలింగాలు, పాతాళగంగ, సప్తస్వరాల గుహ ఇప్పుడు లక్షల సెల్‌ఫోన్లలో ఉన్నాయి. ఫొటోలకు కరువు లేదు, రికార్డుకే కరువు. బొర్రాలో రంగుల దీపాల కింద తీసిన ఎర్రటి, ఆకుపచ్చటి చిత్రాల్లో రాయి అసలు రంగు కనపడదు. ఎక్కువసేపు వెలిగే దీపాల దగ్గర నాచు పెరగడం ప్రపంచంలో సందర్శకులను అనుమతించే గుహల్లో చాలావాటికి ఉన్న బెడద. మన దగ్గర అది ఎంత పాకిందో పోల్చి చూడటానికి పాత ఫొటో కావాలి కదా. మేఘాలయలో 1992 నుంచి స్థానిక సాహస సంఘం, విదేశీ సేవకులు కలిసి గుహలను కొలుస్తున్నారు, ఫొటో తీస్తున్నారు. వందల కిలోమీటర్ల దారులు అలా పటం మీదికి ఎక్కాయి. సున్నపురాయి, బొగ్గు తవ్వకాల మీద అక్కడ వాదన వచ్చినప్పుడు గుహల తరఫున చూపడానికి చేతిలో ఏదో ఒకటి ఉంది.

అదే పని ఇక్కడ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బెలూం, బొర్రా గుహల్లో కొన్ని చోట్లు ఎంచి, ట్రైపాడ్ నిలిపే స్థానాలు శాశ్వతంగా గుర్తించాలి. ఏడాదికోసారి, సందర్శకులు లేని వేళ, పర్యాటక శాఖ అనుమతితో ఒక బృందం దిగాలి. అందులో భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులు, స్థానిక గైడ్లు, ఫొటోగ్రఫీ క్లబ్బుల వాళ్లు ఉండాలి. ఆ రోజు మొదటి సగం చెత్త ఏరడానికి, నాచు కడగడానికి. రెండో సగం అదే చోట్ల నుంచి, అదే లెన్సుతో, రంగుల దీపాలు ఆపేసి, తెల్లటి ఫ్లాష్ వెలుగులో, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీయడానికి. పేర్లన్నీ రాయాలి, తేదీ వేయాలి, ఎవరైనా చూడగలిగే చోట భద్రపరచాలి. నీటి చుక్కతో పెరిగే రాతి కొన సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. విరిగిన కొనను మన జీవితకాలంలో తిరిగి చూడలేం. అది ఎప్పుడు విరిగింది, ఎలా విరిగింది అన్న ప్రశ్నకు జవాబు ఉండాలంటే, విరగకముందు తీసిన ఫొటో ఉండి తీరాలి. దాన్ని తీయాల్సింది ఈ ఏడాదే.